అమ్మ వీపు

ఆ వీధిలో వాళ్ళింటిని అందరూ మూకీ ఇల్లంటారు. వెటకారానికి పెట్టిన పేరే అయినా అందులో అబద్ధమేమీ లేదు. ఇంట్లో ఉండేది వదినా ఆడబిడ్డా ఇద్దరే. ఇద్దరూ ముప్పై ఏళ్ళు ఒకే మగ్గాల షెడ్డులో, పక్కపక్క వరసల్లో బట్ట నేసినవాళ్ళు. ఇద్దరి చెవులూ అక్కడే పోయాయి. నూట ఇరవై మరమగ్గాలు ఒక్కసారిగా దడదడలాడే చోట గొంతు చించుకుని అరిచినా పక్కమనిషికి వినపడదు. అందుకని అక్కడ ఎవరూ అరవరు. పెదవులు మాత్రం కదుపుతారు, ఎదుటివాళ్ళు చూసి అర్థం చేసుకుంటారు. కబుర్లూ కష్టాలూ చాడీలూ అన్నీ అలాగే నడిచేవి. ఆ చివర నిలబడ్డ మేస్త్రిని ఈ చివర నుంచి ఏడు తరాలూ కలిపి తిట్టిపోసినా, ఆయన ఇటు చూడనంతసేపూ ఆయనకు తెలిసేది కాదు.

మిల్లు మూతపడి పదేళ్ళయింది. అలవాటు మాత్రం పోలేదు. ఇప్పటికీ వాళ్ళిద్దరూ గొంతు లేకుండానే మాట్లాడుకుంటారు, గొంతు లేకుండానే పోట్లాడుకుంటారు. వాళ్ళుండేది పాత మేడ పైవాటా. నేలంతా చెక్క పలకలు. ఒకరినొకరు పిలవాలంటే కాలితో ఆ చెక్కల మీద రెండుసార్లు గట్టిగా తన్నడమే. అదురు అరికాళ్ళకు తగలగానే అవతలి మనిషి తలెత్తి చూస్తుంది. కింది వాటావాళ్ళు మొదట్లో పోట్లాటకు వచ్చారు. వచ్చి ఎంత అరిచినా లాభం లేదని తెలుసుకుని, వాళ్ళే సర్దుకుపోయారు.

ఈ కథ వదినది. అరవై నాలుగేళ్ళ మనిషి. పొడుగరి, ఎముకల గూడు, పట్టు పట్టిందంటే ఉడుంపట్టు. షెడ్డులో ఆమెకు రెండు విషయాల్లో పేరుండేది. ఒకటి, తెగిన పోగును మగ్గం ఆపిన నాలుగు సెకన్లలో అతికేసేది. రెండోది, వీపు పెట్టడం.

వీపు పెట్టడమంటే ఏమిటో మిల్లు బయటివాళ్ళకు చెప్పాలి. మాటలన్నీ కళ్ళతోనే వినే చోట, తగువులో ఆఖరి మాట వీపే. అటు తిరిగి నిలబడితే, ఇక నీ మాట నాదాకా రాదు, నువ్వు నాకు లేవు అని అర్థం. ఎన్ని బూతులు తిట్టుకున్నా మర్నాటికి కలిసిపోయే ఆడవాళ్ళు కూడా, వీపు పెడితే మాత్రం నెలల తరబడి మొహం చూసుకునేవాళ్ళు కాదు. వదిన ఒకసారి కట్టుకున్నవాడికే పదిహేడు రోజులు వీపు పెట్టింది. పాపం ఆయన ఇంట్లో ఆమె ముందుకు ఎటు నుంచి వచ్చినా ఆమె గిర్రున ఇంకో వైపు తిరిగేది. పద్దెనిమిదో రోజున ఆయన ఒక నిలువుటద్దం మోసుకొచ్చి, ఆమె ఎదురుగా గోడకు నిలబెట్టి, ఆమె వెనకాల నిలబడి అద్దంలోంచి క్షమాపణ చెప్పుకున్నాడు. అప్పటికి నవ్వింది. అంతటి తెలివైన మనిషి గుండెజబ్బుతో తొందరగానే పోయాడు. కూతురికి అప్పటికి పదిహేనేళ్ళు.

కూతురు ఒక్కతే. దాని చెవులు మాత్రం నిక్షేపంగా ఉండేవి. చదువు అయ్యాక ఊళ్ళో ఒక స్టూడియోలో చేరింది. కెమెరా భుజానేసుకుని వేడుకలకు తిరగడం, తీసినవి ఇంటికి తెచ్చి కత్తిరించి అతకడం దాని పని. అందుకోసమే ఒక కంప్యూటరు కొనుక్కుంది. చెవులకు నల్లటి హెడ్‌ఫోన్లు తగిలించుకుని రోజంతా దాని ముందు కూర్చునేది. ఖాళీగా ఉంటే కెమెరా అమ్మ మీదికీ అత్త మీదికీ తిప్పేది. వాళ్ళు విసుక్కునేవాళ్ళు. విసుక్కోవడం కూడా తీసేది.

ఆరేళ్ళ కింద ఒక పొద్దున అది వచ్చి, వేరే ఊళ్ళో పెద్ద స్టూడియోలో ఉద్యోగం ఒప్పుకున్నానని చెప్పింది. ఒప్పుకోనా అని అడగలేదు, ఒప్పుకున్నానని చెప్పింది. వదినకు ఒళ్ళు మండింది. నాలుగు మాటలంది. అది ఐదు మాటలంది. వదిన కుట్టుమిషను దగ్గరికెళ్ళి కూర్చుని వీపు పెట్టేసింది.

అరికాళ్ళకు రెండు అదుర్లు తగిలాయి. పిలుస్తోంది. వదిన తిరగలేదు. ఎదురు గోడ మీద నీడ పడింది. నీడ ఒక చెయ్యి పైకెత్తి పట్టుకుని ఉంది. నా మీదే చెయ్యెత్తుతోందా అనుకుని ఇంకా బిగుసుకుపోయింది. మిషనులో దారం ఎప్పుడో అయిపోయింది. అయినా పని తెమలనట్టు చక్రం తిప్పుతూనే ఉంది. నీడ చాలాసేపు ఉండి వెళ్ళిపోయింది. కోపం చల్లారి ఆమె తిరిగేసరికి గదిలో ఎవరూ లేరు, బ్యాగు కూడా లేదు. ఆ సాయంత్రం కూతురు ఎక్కిన బస్సు వంతెన మీంచి ఏట్లో పడింది.

అంతసేపు నా వెనక నిలబడి అది ఏం చెప్పింది? ఈ ఒక్క ప్రశ్న ఆరేళ్ళుగా వదినను పీక్కుతింటోంది. తిట్టిందా, బతిమాలిందా, వెళ్ళొస్తానందా? దాని ఆఖరి మాటలు తన వీపుకు తగిలి కిందపడ్డాయి, ఏరుకునేవాళ్ళు లేకపోయారు. దానికి తోడు ఇంకొకటి. రోజూ పొద్దున పదకొండు ప్రాంతంలో, ఆ రోజు అది పిలిచిన వేళకే, ఆమె అరికాళ్ళకు రెండు అదుర్లు తగిలేవి. తలెత్తి ఆడబిడ్డను చూసేది. "పిలిచావా?" ఆడబిడ్డ కూరగాయలు తరుగుతూ తల అడ్డంగా ఊపేది. "నేనెక్కడ పిలిచాను వదినా? కూర్చునే ఉన్నాగా."

రోజూ మధ్యాహ్నం ఇద్దరూ కూర్చుని ఆ కంప్యూటరులో పిల్ల తీసిన వీడియోలు చూసేవాళ్ళు. ఆన్ చెయ్యడం, బొమ్మ మీద నొక్కడం అదే నేర్పింది. నలభై రెండున్నాయి. మిల్లు ఆఖరి రోజు, అత్త పుట్టినరోజు, కిటికీ మీద వాన, ఏదీ కాని రోజులు. వాటిలో దేనిలోనూ పిల్ల లేదు. ఎప్పుడూ కెమెరా పట్టుకున్న మనిషి బొమ్మలో ఎలా ఉంటుంది? కానీ అందరూ దాన్నే చూస్తున్నారు, దానితోనే మాట్లాడుతున్నారు. వాళ్ళ పెదవులు చదివి, జవాబులను బట్టి అది ఏమడిగిందో వదిన ఊహించుకునేది. మిల్లు వాచ్‌మన్ "ఇరవై రెండేళ్ళమ్మా" అంటే, ఎన్నాళ్ళుగా చేస్తున్నావని అడిగుంటుంది. సగం మాటలతోనే ఆరేళ్ళు గడుపుకొచ్చింది.

నలభై రెండోది పిల్ల ఆ రోజు బయల్దేరే ముందు కంప్యూటరులోకి ఎక్కించి పోయింది. దాని పేరు 'అమ్మ వీపు'. వదిన ఆ పేరును రెండుసార్లు చదువుకుంది. నొక్కితే, మిషను దగ్గర కూర్చున్న తన వీపే. నీడ ఎత్తి పట్టుకున్న చేతిలో ఏముందో అప్పుడు అర్థమైంది. రెండు సెకన్లకు బొమ్మ రెండుసార్లు అదిరింది. ఆ అదురు ఏమిటో ఆమెకు తెలుసు. వెంటనే మూసేసింది. ఇంకోసారి ప్రయత్నించి మళ్ళీ అక్కడే మూసేసింది. నలుగురికీ చూపించి నవ్వుదామనే తీసిందని ఒకరోజు అనిపించేది. చివర్లో కెమెరా తన వైపు తిప్పుకుని ఉంటుంది, మొహం కనిపిస్తుంది, పెదవులు చదవొచ్చు అని ఇంకోరోజు ఆశ పుట్టేది. చూస్తే ఆ ఆశ కూడా పోతుందేమో. అందుకే దాచుకుంది.

ఇప్పుడు కళ్ళు తొందరపెట్టాయి. శుక్లాలైతే తీసేద్దుమమ్మా, ఇది నరం ఎండిపోవడం, ఉన్న చూపు ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళే అన్నాడు కంటి డాక్టరు. ఆ బుల్లి మానిటరులో పెదవులు అప్పుడే అలుక్కుపోతున్నాయి. చెవులు పోయినప్పుడు పెద్దగా బాధపడని మనిషి, కళ్ళ మాట వినగానే మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. నాలుగో రోజున, "ఆ వీడియోలు పెద్ద టీవీలో చూడాలే," అంది ఆడబిడ్డతో. "అన్నీ. అదీ చూడాలి."

టీవీ ఆడబిడ్డది. దాని సౌండు ఎప్పుడూ సున్నా మీదే ఉంటుంది. ఆమె సీరియళ్ళు పెదవులతోనే వింటుంది. డబ్బింగు సీరియళ్ళయితే మరీ సరదా, హీరో నోటితో అసలు ఏమన్నాడో దేశం మొత్తం మీద తనకొక్కదానికే తెలుసంటుంది.

బజారులో కంప్యూటర్లు బాగుచేసే మెకానిక్కును పిలిపించారు. నలభై ఏళ్ళ మనిషి, నోరు ఊరుకోని రకం. వచ్చి కంప్యూటరు డబ్బా వెనకాల చూసి, "ఇది పాత కాలంది పెద్దమ్మా. దీని వెనక నీలం రంగు సాకెట్టొక్కటే ఉంది. మీ టీవీకేమో అది లేదు, ఈ పల్చటిదే ఉంది. రెండింటికీ పొసగదు. లోపల చిన్న గ్రాఫిక్స్ కార్డు పెడితే, దానికి ఈ పల్చటి సాకెట్టుంటుంది, ఒకే వైరు చాలు," అన్నాడు.

"లోపల అంటే, విప్పుతావా?" అంది ఆడబిడ్డ పైకి. వాళ్ళకు తమ గొంతు ఎంతుందో తెలియదు కనక వీధి చివరిదాకా వినపడింది. "విప్పితే అందులోవి పోవూ?"

"పోవమ్మా. నేను ముట్టుకునేది వేరే చోటు."

"అందరూ అలాగే అంటారు," అని ఆడబిడ్డ వదిన వైపు తిరిగి పెదవులతో అంది. "వద్దు వదినా. ఉన్నవే చాలు. ఇదీ పోతే మనకేం మిగులుతుంది?"

"నా కళ్ళు పోయాక ఉండీ ఏం లాభం?" అంది వదిన. ఆడబిడ్డ డబ్బాకు అడ్డం తొలగింది.

అతను వైర్లన్నీ పీకి, డబ్బాను బల్ల మీద పడుకోబెట్టి, పక్క రేకు స్క్రూలు విప్పాడు. లోపల ఆరేళ్ళ దుమ్ము బూడిదరంగు దూదిలా పేరుకుపోయి ఉంది. వసారాలోకి తీసుకెళ్ళి బ్లోయరు కొట్టాడు. డబ్బాలోకి తల దూర్చి ఏదో చెబుతున్నాడు.

"ఇటు తిరిగి చెప్పు నాయనా," అంది వదిన. "అందులో మాట్లాడితే దానికి వినపడుతుందేమో గానీ మాకు వినపడదు."

అతను నవ్వి తలెత్తాడు. "ఫ్యానుకు వెంట్రుక చుట్టుకుంది పెద్దమ్మా, అందుకే వేడెక్కుతోంది అంటున్నా." పట్టకారుతో మెల్లగా లాగాడు. మూరెడు పొడుగు, నల్లగా నిగనిగలాడుతోంది. పారేయబోతుంటే వదిన చెయ్యి చాపింది. ఆ ఇంట్లో నల్లవెంట్రుకలు ఎవరికీ లేవు. అతనికి అది తట్టి, ఇంక మాట్లాడకుండా ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె దాన్ని నూలుపోగులా వేలికి చుట్టుకుని అలాగే ఉంచుకుంది.

డబ్బా వెనక చిన్న రేకు ఒకటి ఊడదీశాడు. కార్డు అంచును లోపలి బోర్డు మీద పొడుగాటి స్లాటులో పెట్టి రెండు బొటనవేళ్ళతో నొక్కాడు. వెనక స్క్రూ బిగించాడు. వైరు ఒక కొస కార్డుకు, రెండో కొస టీవీకి పెట్టి స్విచ్చి వేశాడు. టీవీ మీద 'నో సిగ్నల్' అని పడింది. రిమోటుతో అటు మార్చాడు, ఇటు మార్చాడు. వైరు తిరగేసి పెట్టాడు. మళ్ళీ అదే.

"చెప్పానా!" అంది ఆడబిడ్డ. "పోగొట్టేశాడు. పిల్ల మొత్తం పోయింది."

"అయ్యో, పోలేదమ్మా. అది డిస్కులో ఉంటుంది, డిస్కును ముట్టుకోలేదు నేను," అంటున్నాడు అతను, కానీ నుదుట చెమట పట్టింది.

సరిగ్గా అప్పుడే వదిన అరికాళ్ళకు తగిలింది. ఒకటి, రెండు. గోడ గడియారం చూసింది. పదకొండు. మెకానిక్కు వైరు చూసుకుంటున్నాడు, అతనికేమీ తెలిసినట్టు లేదు. అతని కాళ్ళు కదల్లేదు. వదిన ఆడబిడ్డ వైపు చూసింది. ఆడబిడ్డ నేల వైపు చూస్తోంది.

"నీకూ తెలిసిందా?" అంది వదిన పెదవులతో.

ఆడబిడ్డ తలెత్తింది. "రోజూ తెలుస్తుంది వదినా. నువ్వు భయపడతావని చెప్పలేదు."

వదిన ఆరేళ్ళుగా తనకు మతి చలించిందనుకుని ఒక్కతే మోసుకుంటోంది. ఇప్పుడు ఇద్దరికీ తెలిసిందంటే మతి చలించలేదన్నమాట. అది ఊరటో భయమో తేల్చుకోలేకపోయింది. లేచి డబ్బా దగ్గరికెళ్ళింది. చూపు ఆనకపోయినా వేళ్ళున్నాయి. కరెంటు తీసేయమని సైగ చేసి, కార్డు అంచు మీద ఈ చివర నుంచి ఆ చివరిదాకా వేలి కొసతో తడిమింది.

"ఈ పక్క ఒక పోగంత లేచి ఉంది," అంది.

మెకానిక్కు వంగి చూశాడు. కనపడలేదు. ఆమె మాట కొట్టెయ్యలేక స్క్రూ వదులు చేసి మళ్ళీ నొక్కాడు. టక్కుమంది. అతను విన్నాడు, ఆమె వేలికి తెలిసింది. స్విచ్చి వేయగానే టీవీ నిండా వెలుతురొచ్చింది. పిల్ల పెట్టుకున్న నీలం బొమ్మ, దాని మీద వరసగా దాని ఫైళ్ళు. అంచుల్లో ఉన్న పేర్లు సగం తెగిపోతే టీవీ సెట్టింగుల్లోకి వెళ్ళి సరిచేశాడు. కార్డుకు కావలసిన సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. తర్వాత పని సరిగ్గా ఉందో లేదో చూద్దామని మిల్లు ఆఖరి రోజు వీడియో నొక్కి, అలవాటు కొద్దీ రిమోటుతో సౌండు పెంచాడు.

ఇక్కడొక మాట చెప్పక తప్పదు. ఆ వీడియోలకు శబ్దం ఉంటుందన్న సంగతి ఆరేళ్ళలో ఆ ఇద్దరికీ తట్టలేదు. ఆ కంప్యూటరుకు స్పీకర్లు లేవు, హెడ్‌ఫోన్లు పిల్లతోనే పోయాయి. ఉన్నా వినేదెవరు? కళ్ళతో వినే ఇంట్లో, కనపడనిది లేనట్టే. వేరే ఎవరింట్లోనూ ఇలాంటి పొరపాటు జరగదు. బొమ్మ వెళ్ళే వైరులోనే మాట కూడా వెళుతుందని వాళ్ళకు ఎవరు చెబుతారు?

టీవీలో ఆడబిడ్డ పదేళ్ళు చిన్నదై మగ్గానికి ఆనుకుని నిలబడి ఉంది. మెకానిక్కు నవ్వుతూ వదిన వైపు తిరిగాడు. "ఎవరు పెద్దమ్మా ఈ అమ్మాయి? భలే అల్లరిగా మాట్లాడుతోంది."

"అమ్మాయెక్కడుంది? అది నా ఆడబిడ్డ."

"ఆవిడ కాదు. మాట్లాడే అమ్మాయి. కెమెరా వెనక."

వదిన అతని పెదవులు తప్పు చదివానేమోనని మళ్ళీ చెప్పమంది. అతను మళ్ళీ చెప్పాడు. "'అత్తా, మగ్గాన్ని ముద్దు పెట్టుకో, ఆఖరి రోజు కదా. మామయ్యనైతే పెట్టుకునేదానివి కాదూ' అంటోంది."

టీవీలో ఆడబిడ్డ సిగ్గుపడి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ సిగ్గును వాళ్ళు వందసార్లు చూశారు, ఎందుకో ఇన్నాళ్ళకు తెలిసింది. గదిలో ఉన్న ఆడబిడ్డ నేల మీద చతికిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మెకానిక్కు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఏం తప్పు చేశానో అని అతని మొహం పాలిపోయింది.

వదిన ఏడవలేదు. మిగతా వీడియోలేవీ అడగలేదు. టీవీ దగ్గరగా వెళ్ళి ఆఖరి పేరు మీద వేలు పెట్టింది. "ఇది పెట్టు నాయనా. ఏమంటోందో విని చెప్పు. మొత్తం."

అతను నొక్కాడు. టీవీ నిండా ఆమె వీపు. జడ, రవిక మీద చెమట మరక, ముందుకూ వెనక్కూ ఆడే మోచెయ్యి. బొమ్మ రెండుసార్లు అదిరింది. ఈసారి ఆమె మూయలేదు. కెమెరా ఇటు తిరుగుతుందేమోనని కళ్ళు చిట్లించి చూస్తూ నిలబడింది. నాలుగు నిమిషాలు. కెమెరా తిరగలేదు. వీపుతో మొదలైంది, వీపుతోనే అయిపోయింది. పిల్ల మొహం లేదు.

ఇంక మిగిలింది ఆ మనిషి విన్నదే. మెకానిక్కు గొంతు సవరించుకున్నాడు. "'వెళ్ళొస్తానమ్మా, జాగ్రత్తగా ఉండు, నీ మీద నాకేం కోపం లేదు' అంది పెద్దమ్మా."

వదిన అతని మొహాన్ని ముప్పై ఏళ్ళ షెడ్డు చూపుతో చూసింది. మాటొకటీ కళ్ళొకటీ చెబుతుంటే ఆమెకు తెలియకుండా పోదు.

"అది నీ మాట," అంది. "దాని మాట చెప్పు. తిట్టినా సరే. ఆరేళ్ళ నుంచీ అంతకంటే పెద్ద తిట్లే ఊహించుకుంటున్నా."

అతను తలొంచుకున్నాడు. అతనికీ ఇంట్లో ఒక కూతురుందేమో, మనకు తెలియదు. వీడియో మళ్ళీ మొదటికి తెచ్చాడు. టీవీ పక్కన, వెలుతురు మొహం మీద పడేలా నిలబడి, పిల్ల గొంతు ఒక్కో మాట అంటుంటే ఒక్కో మాటే పెదవులతో అప్పజెప్పాడు.

"'అమ్మా. తిరగవు కదా. సరే, నీ వీపుకే చెప్తా. నీకు కోపమొస్తే వీపు పెడతావ్. నాకు కోపమొస్తే నేనేం చెయ్యను? ఎంత అరిచినా నీకు వినపడదు. ఏడ్చినా వినపడదు. చిన్నప్పుడు పడి దెబ్బ తగిలితే, ఏడుపు ఆపుకుని, నువ్వెక్కడున్నావో వెతుక్కుంటూ వచ్చి, నీ ముందు నిలబడి అప్పుడు ఏడ్చేదాన్ని. తెలుసా నీకు? అంతవరకూ ఆపుకునేదాన్ని.'"

వదినకు తెలియదు. పిల్ల ఎప్పుడూ కళ్ళ ముందే ఏడ్చేది గనక, కళ్ళ ముందే పడేదనుకుంది.

"'ఇరవై నాలుగేళ్ళ నుంచీ నేనే నీ ముందుకొస్తున్నా. ఇవాళ రాను. ఒక్కసారి నువ్వు తిరుగమ్మా. పది లెక్కపెడతా. తిరిగితే మానేస్తా, ఎక్కడికీ పోను. ఒకటి.'"

మెకానిక్కు పెదవులు వణుకుతున్నాయి. అయినా ఒక్క అంకె మింగలేదు. రెండు. మూడు. నాలుగు. వదిన కళ్ళు అతని పెదవుల మీద ఉన్నాయి. ఏడు. ఎనిమిది. తొమ్మిది.

"'తొమ్మిదింపావు,'" అన్నాడు. "'తొమ్మిదిన్నర. తొమ్మిదీ ముప్పావు.'"

ఆగాడు.

"పది?" అంది వదిన.

"అనలేదు పెద్దమ్మా."

"మరి ఇప్పుడేమంటోంది? వీడియో ఇంకా ఉందిగా."

"ఏమీ అనట్లేదు. అక్కడే ఉంది. ముక్కు ఎగబీలుస్తోంది, అంతే. చివరిదాకా అంతే."

రెండు నిమిషాల పైన మిగిలి ఉంది. రెండు నిమిషాలు, పది అనకుండా, ఆ పిల్ల అక్కడే నిలబడి ఉంది. నాలుగు సెకన్లలో పోగు అతికే చేతులకు రెండు నిమిషాలంటే ఎంతసేపో వదినకు తెలుసు. దారం లేని మిషను తిప్పుతూ తను ఆ రెండు నిమిషాలూ కూర్చుంది.

"వదినా, చాలు. ఆపించు," అంది ఆడబిడ్డ కింద నుంచి, కళ్ళు తుడుచుకుంటూ.

"చాలదు," అంది వదిన. ఆడబిడ్డ దగ్గర ఎన్నో ఏళ్ళుగా వాడని గొంతుతో, కింది వాటావాళ్ళు కూడా ఉలిక్కిపడేంత గట్టిగా అంది. "పది అనలేదుగా. అంటే లెక్క అవలేదు. నాకింకా టైముంది. మళ్ళీ పెట్టు నాయనా. లెక్కపెట్టు."

అతను మళ్ళీ పెట్టాడు. చేసేది లేక, ఆ గొంతుతో పాటే మళ్ళీ లెక్క మొదలుపెట్టాడు. వదిన టీవీకి ముక్కు తగిలేంత దగ్గరగా వెళ్ళింది. అద్దం మీద తన వీపు తన కంటే వెడల్పుగా ఉంది. దాని భుజం మీద అరచేత్తో తట్టింది. ఐదు, ఆరు. ఇంకా గట్టిగా తట్టింది. టీవీ స్టాండు మీద ఊగుతుంటే ఆడబిడ్డ లేచొచ్చి రెండు చేతులా పట్టుకుంది.

"తిరగవే మొండిదానా," అంది వదిన. "పిల్ల లెక్కపెడుతోంది, వినపడట్లేదా నీకు? తిరుగు."

ఎనిమిది, అన్నాడు మెకానిక్కు. తొమ్మిది. టీవీలో ఆమె దారం లేని మిషను తిప్పుతూనే ఉంది.